ఒత్తు లేని మాట

బోర్డు మీద రాసిన మాట మధ్యలో నిలువుగీత గీసి, స్టెల్లా సుద్దముక్క పట్టుకున్న వేలితోనే కళ్లజోడు పైకి తోసుకుంది. ముక్కు మీద తెల్లగా సుద్ద అంటుకుంది. రోజూ అంటుకుంటుంది. మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటుంది. మేడంతో ఆ మాట చెప్పే చనువు క్లాసులో ఎవరికీ లేదు.

"మనం ఎట్లా రాస్తాం? బె రాసి, పక్కన ల రాసి, దాని కింద ల ఒత్తు ఇస్తాం. బెల్లొ. రెండు ల లూ వెనక అక్షరంలోనే ఉంటాయి. వాళ్లు అట్లా విడదీయరు. ఒక ల ముందుదానికి, ఒక ల వెనకదానికి. బెల్, లొ. రాతలో తేడా గానీ నోట్లో మనకూ వాళ్లకూ తేడా లేదు. అమ్మ అనేటప్పుడు మనమూ అమ్ దగ్గర ఒకసారి ఆగే కదా మ అంటాం? ఆ ఆగడమే కావాలి. అందగాడు బెల్లొ. అందగత్తె బెల్ల. అనండి."

ఆమె చెక్కస్కేలుతో బల్ల మీద ఒక దెబ్బ వేసి, ఆగి, రెండో దెబ్బ వేసింది.

"బెల్, ల," అంది క్లాసు.

పటమటలో సెల్‌ఫోన్ల దుకాణం పైన రెండు గదుల కోచింగ్ సెంటర్ అది. కిరీటి అనే ఆయన నడుపుతాడు. ఒక గదిలో జర్మన్, ఇంకో గదిలో ఇటాలియన్. కింద రోడ్డు మీద హారన్లు ఆగవు కాబట్టి ఎండాకాలంలో కూడా స్టెల్లా కిటికీలు మూసేసే పాఠం చెబుతుంది. ఇటలీ ఆస్పత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో ఉద్యోగాలకు వెళ్లే నర్సులు, రోమ్‌కు చదువుకు వెళ్లే ఒకరిద్దరు బ్రదర్లు ఆమె విద్యార్థులు. ఆమె యాభై దాటిన మనిషి. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటుంది. నేతచీర కుచ్చిళ్లు కదలకుండా పిన్నులు పెట్టుకుంటుంది. గొంతు ఎండిపోకుండా బుగ్గన కలకండ పలుకు ఉంచుకుంటుంది. ఇటలీ ఆమె చూడలేదు. పాస్‌పోర్టు తీసుకుంది. దాని గడువు తీరిపోయింది. మళ్లీ తీసుకుంది. అదీ తీరిపోయింది.

"అలిసిపోయినవాడు స్తాంకొ," అంది, ఇంకో మాట రాస్తూ. "ఇందులో న ముందు అక్షరాన్ని వదలదు. మన సున్న లాంటిదే. స్తాం, కొ. దిగులుగా ఉన్నవాడు త్రిస్తె. ఇందులో స ముందుదాన్ని వదిలేసి వెనకదాంతో పోతుంది. త్రి, స్తె. స ఎప్పుడూ అంతే. తర్వాత వచ్చినదాంతోనే పోతుంది."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. స్టెల్లా నవ్వించాలని అనలేదు. ఎందుకు నవ్వారో అర్థం కాక ఒకసారి అటు చూసి, బోర్డు తుడిచింది.

తర్వాత నామవాచకాల నుంచి విశేషణాలు ఎట్లా పుడతాయో మొదలుపెట్టింది. కీర్తి ఫామ, పేరున్నవాడు ఫమోసొ. భయం పవూర, భయస్తుడు పవురోసొ. చివర ఓసొ చేరిస్తే ఆ గుణం నిండా ఉన్నవాడని అర్థం. యేసుకుమార్ అనే బ్రదర్ చెయ్యెత్తాడు. ఏలూరు వైపు కుర్రాడు, ప్రతిదీ లెక్కగట్టి నేర్చుకుంటాడు.

"మేడం, జేలొ అంటే గడ్డకట్టించే చలి అని మొన్న చెప్పారు. మరి జెలోసొ అంటే చలి పట్టినవాడాండి?"

"కాదు. దానికీ చలికీ సంబంధం లేదు. ఆరాటం, పట్టుదల, అట్లాంటి అర్థమున్న పాతమాట నుంచి వచ్చింది. జెలోసొ అంటే కుళ్లుకునేవాడు."

"ఆడవాళ్లకైతే?"

"జెలోస," అంది స్టెల్లా.

"జెలోస," అంది మూడో బెంచీలో నుంచి సింధూరి, తనలో తను అనుకున్నట్టు. ఆ మాట ఆ పిల్ల నోట్లో నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, పక్కింటి నుంచి ఎవరో ఇటాలియన్ మనిషి ఎవరినో పిలిచినట్టు అనిపించింది. స్టెల్లా చేతిలో సుద్దముక్క విరిగింది. కిందపడ్డ ముక్కను వంగి తీసుకుని, రెండు ముక్కలూ డబ్బాలో వేసి, కొత్తది తీసుకుంది.

సింధూరిది చల్లపల్లి. వాళ్ల నాన్న అరటి, చెరకు వేస్తాడు. విజయవాడలో నర్సింగ్ చదివి ఇక్కడే ఒక ఆస్పత్రిలో చేస్తూ ఇటాలియన్‌లో చేరింది. ఇంటి దగ్గర చెయ్యమన్నవి చేసుకురాదు. స్త్రీలింగం, పుంలింగం కలిపేస్తుంది. క్రియలు చెప్పమంటే నాలుక కరుచుకుంటుంది. కానీ ఒకసారి విన్న శబ్దాన్ని విన్నట్టే అనేస్తుంది. స్టెల్లా ఏళ్ల తరబడి స్కేలు దెబ్బలతో సాధించినది ఆ పిల్లకు జలుబు అంటుకున్నట్టు అంటుకుంది. మొదట్లో స్టెల్లా ముచ్చటపడింది. "మా సిస్టర్ అగ్నేసెగారికి నర్సు కావాలి, పొద్దున్నే క్లాసుకు ముందు వస్తావా? నీకు మాట్లాడటం కూడా అలవాటవుతుంది," అని కాన్వెంటుకు తీసుకెళ్లింది తనే.

క్లాసయ్యాక అందరూ మెట్లు దిగారు. సింధూరి ఆగిపోయింది. ఆ రోజు పదకొండు దాటాక ఆమెకు కంప్యూటర్‌లో ఇంటర్వ్యూ ఉంది. అటువైపు ఒక ఇటాలియన్ ఆస్పత్రి వాళ్లు కూర్చుంటారు.

"మేడం, మీ గురించి మూడు విశేషణాల్లో చెప్పమని అడుగుతారంట. నేను రాసుకున్నా. ఒకసారి వింటారా? భయంగా ఉందండి."

"చెప్పు."

సింధూరి నిటారుగా నిలబడి, చున్నీ సర్దుకుని, గోడవైపు చూస్తూ మొదలుపెట్టింది. ఓపిక గలదాన్ని. బాగుంది. శ్రద్ధ గలదాన్ని. బాగుంది. మూడోది వినయం గలదాన్ని.

"ఉమీలె," అంది.

అది ఊమిలె. ఊ మీద నిలబడి, మిగతా రెండూ తేలిగ్గా దాటిపోవాలి. ఫాచిలె, జోవనె అనే మాటల్లాగా. ఆ పాఠం చెప్పిన రోజు సింధూరి రాలేదు. సిస్టర్‌కి జ్వరం వచ్చిందని కాన్వెంటులో ఉండిపోయింది. ఆ పూటంతా సిస్టర్ ఆ పిల్ల చెయ్యి వదల్లేదని ఆయా ఆదెమ్మ చెబితే స్టెల్లాకు తెలిసింది.

స్టెల్లా నోట్లో కలకండ పలుకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మారింది.

"బాగుందా మేడం?"

"బాగుంది," అంది స్టెల్లా. "వెళ్లు, నీళ్లు తాగి కూర్చో."

సింధూరి వంగి ఆమె కాళ్లకు దండం పెట్టబోయింది. వద్దు, వద్దంటూ స్టెల్లా వెనక్కి జరిగి, గొడుగు తీసుకుని మెట్లు దిగింది. కింద దుకాణంలో ఫోను అద్దానికి ప్లాస్టిక్ కాగితం అతికిస్తున్న కుర్రాణ్ని చూస్తూ కాసేపు నిలబడింది. వెనక్కి వెళ్లడానికి ఇంకా టైముంది. మూడు అక్షరాల మాట. చెప్పి రావడానికి ఎంతసేపని? ఆటో వచ్చి ముందు ఆగింది. ఎక్కింది.

*

విజయవాడలో ఏలూరు కాలువ పక్కన ఆ కాన్వెంటులోనే స్టెల్లా పెరిగింది. దివిసీమ ఉప్పెనలో ఇంట్లో అందరూ పోతే, కొబ్బరిచెట్టుకు కట్టేసి ఉంచిన పసిపిల్లను మేనమామ తెచ్చి సిస్టర్ల చేతిలో పెట్టాడు. ఆమెకు ఏడ్పు తప్ప మాట లేదట. ఇటలీ నుంచి కొత్తగా వచ్చిన సిస్టర్ అగ్నేసెకు అప్పటికి తెలుగు లేదు. ఇద్దరూ ఒకే వరండాలో కూర్చుని మాటలు నేర్చుకున్నారు. స్టెల్లా అనే పేరు ఆమే పెట్టింది. నక్షత్రం అని.

హాస్టల్లో చాలామంది పిల్లలుండేవాళ్లు. సిస్టర్ అగ్నేసె ఏ పిల్లకు జడ వేసినా స్టెల్లా తన జడ ఊడదీసుకుని వెళ్లి పక్కన నిలబడేది. సిస్టర్ ఎవరికైనా జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంటుందని తెలిసి, వానలో తడిసి జ్వరం తెచ్చుకుంది. పెద్దయ్యాక మఠంలో చేరతానంది. సిస్టర్ ఆమెను తోటలోకి తీసుకెళ్లి, "నీకు కావలసింది దేవుడు కాదు స్టెల్లా, నేను. దానికి ఈ బట్టలెందుకు?" అంది. కోపంగా కాదు, నవ్వుతూనే అంది. అది ఇప్పటికీ స్టెల్లాకు నవ్వులాటగా లేదు.

హనుమాన్ జంక్షన్ నుంచి ఒక సంబంధం వచ్చింది. బడిపంతులు, మంచివాడు. జంక్షన్‌లో కాపురముంటే రోజూ కాన్వెంటుకు రావడం కుదరదని స్టెల్లా వద్దంది. ఆ కారణం ఎవరికీ చెప్పలేదు. కాన్వెంటు బడిలో గుమాస్తాగా చేసింది. నేర్చుకున్న ఇటాలియన్‌ను చిన్న సిస్టర్లకు చెప్పింది. తర్వాత కిరీటిగారు పిలిస్తే పటమట వెళ్లింది. పొద్దున క్లాసు, మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా సిస్టర్ దగ్గర. జీవితం అట్లా ఒక దారిలో పోయింది. ఆ దారి చివర్లో సింధూరి ఉంటుందని అనుకోలేదు.

రెండేళ్ల కిందట సిస్టర్‌కు పక్షవాతం వచ్చింది. ఒక వైపు చెయ్యి, కాలు కొంత కుదుటపడ్డాయి గానీ మాటలు ఒకదాని వెంట ఒకటి పోవడం మొదలైంది. ముందు తెలుగు పోయింది. దేవుడి పాటలతో సహా పోయింది. కొన్నాళ్లకు స్టెల్లాకు నేర్పిన ఇటాలియన్ కూడా పోయింది. మిగిలింది సిస్టర్ పుట్టిన పల్లెలో ఇంట్లో మాట్లాడుకునే మాట. ఉత్తర ఇటలీలో ఏదో చిన్న ఊరు అది. ఆ వైపు మాటలో ద్విత్వాలుండవు. బెల్ల అక్కడ బేల. చలిని చెప్పే ఫ్రెద్దొ అక్కడ ఫ్రేదొ. కొన్ని మాటలైతే పుస్తకాల్లోనే ఉండవు.

ఇది స్టెల్లాకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. చిన్నప్పుడు బళ్లో ఆ ఇంటిమాట దొర్లితే టీచరు అరచేతుల మీద కొట్టేదని సిస్టర్ ఒకసారి చెప్పింది. "ఆ మాట ఒకటి చెప్పండమ్మా," అని స్టెల్లా ఆశగా అడిగింది. "మంచిది నేర్పుతున్నాను కదా, అదెందుకు నీకు?" అంది సిస్టర్. స్టెల్లా మళ్లీ అడగలేదు. బడి ఇటాలియన్ తనకిచ్చి, ఇంటి ఇటాలియన్ సిస్టర్ దాచుకుంది. ఇప్పుడు దాన్ని ఎవరికిస్తోంది?

*

కాన్వెంటు వెనక గదిలో ఆదెమ్మ రాగిజావ గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చుని ఉంది. సిస్టర్ కళ్లు మూసుకుని ఉంది. తలగుడ్డ లేని ఆ తల, వెనక్కి దువ్విన పల్చటి తెల్లజుట్టు, నరాలు తేలిన మెడ. చిన్నగా ముడుచుకుపోయిన ఈ మనిషి ఒకప్పుడు హాస్టల్ గంటను ఒక్క చేత్తో మోగించేదంటే కొత్తవాళ్లెవరూ నమ్మరు. గుండె నీరసించిందని డాక్టరు చెప్పి వెళ్లాడు. నిన్న ఫాదర్‌గారొచ్చి నూనె పూసి ప్రార్థన చేసి వెళ్లారు.

"ఇవాళ నర్సమ్మాయి రాలేదుగా, పొద్దుటి నుంచి ముట్టలేదమ్మా," అంది ఆదెమ్మ. "ఇందాక నన్ను చూసి బేలా, బేలా అన్నారు. నేనేం బేలనమ్మా, నలుగురు పిల్లల్ని పెంచినదాన్ని."

"నిన్ను కాదులే. అందంగా ఉన్నావని అర్థం."

"అట్టాగా," అంది ఆదెమ్మ సిగ్గుపడి, కొంగు సర్దుకుంది.

స్టెల్లా గిన్నె తీసుకుని స్పూను సిస్టర్ పెదవులకు ఆనించింది. సిస్టర్ కళ్లు తెరిచింది. నీలిరంగు వెలిసిపోయిన కళ్లు. అవి స్టెల్లా ముఖం మీద ఆగాయి. ఎవరో తెలిసినట్టూ ఉంది, తెలియనట్టూ ఉంది.

"సొ స్త్రాక," అంది సిస్టర్.

అలిసిపోయానంటోంది. ఆ మాత్రం స్టెల్లాకు తెలుసు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ ఆమెకు గుండెలో ఏదో గీరుకున్నట్టుంటుంది.

"స్తాంక," అంది మెల్లగా. "స్తాంక కదమ్మా. స్తాం, క. మీరు నేర్పిందే."

సిస్టర్ పెదవులు కదిలాయి. బడిపిల్ల పాఠం మర్చిపోయి తడుముకున్నట్టు ఏదో వెతుక్కుంది. దొరకలేదు. ముఖం గోడవైపు తిప్పేసుకుంది. స్పూనులో జావ దిండు మీద పడింది.

"ఆ అమ్మాయయితే ఆవిడ ఏదంటే అదే తిరిగంటది," అంది ఆదెమ్మ, గుడ్డతో తుడుస్తూ. "అప్పుడు నోరు తెరుస్తారు."

"తప్పుమాట నేనెందుకంటాను ఆదెమ్మా?"

"తప్పో ఒప్పో నాకేం తెలుసమ్మా. కాస్త కడుపులోకి పోద్ది గదా."

స్టెల్లా లేచింది. గిన్నె కిటికీలో పెట్టి, సిస్టర్ పాదాల దగ్గర కూర్చుని దుప్పటి సరిచేసింది. కాలువ మీదుగా గాలి వస్తోంది. ఎక్కడో రైలు కూత. పటమటలో ఇంటర్వ్యూ ఈపాటికి అయిపోయి ఉంటుంది. ఉమీలె అని ఉంటుంది. అటువైపు వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుని ఉంటారు. ఈ పిల్లకు ఎవరు చెప్పారమ్మా పాఠం అని అనుకుని ఉంటారు. ఆ చివరి ముక్క తోచేసరికి స్టెల్లాకు సిగ్గేసింది. సిగ్గు అడుగున సంతోషం కూడా ఉంది. అది ఇంకా ఎక్కువ సిగ్గనిపించింది.

*

మూడు దాటాక సింధూరి వచ్చింది. గేటు దగ్గర నుంచే ఆమె గొంతు వినిపించింది. వంటింట్లో సిస్టర్లకు బందరు లడ్డూ పెట్టె ఇచ్చి, ఇంకో సంచితో గదిలోకి వచ్చింది. చెమట పట్టి ముఖం మెరుస్తోంది.

"మేడం, వచ్చేసింది. వచ్చే నెలలోనే రమ్మన్నారు."

"సంతోషం," అంది స్టెల్లా.

"అంతా మీ దయే మేడం." సింధూరి సంచి బల్ల మీద పెట్టి, దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "ఒక్కచోట మీ పరువు తీశానండి. ఉమీలె అన్నాను. ఇంటర్వ్యూ చేసినావిడ నవ్వి, ఊమిలె అమ్మా, ఊమిలె అన్నారు. మీరు క్లాసులో చెప్పే ఉంటారు, నేనే సరిగ్గా వినుండను. పొద్దున గోడవైపు చూస్తూ అన్నా కదా, మీకు సరిగ్గా వినపడుండదు. మీ దగ్గర నేర్చుకున్నానని ముందే చెప్పా కూడా. సారీ మేడం."

స్టెల్లా దుప్పటి అంచు మడతపెడుతోంది. మడిచిన అంచునే మళ్లీ విప్పి మళ్లీ మడిచింది.

"ఆవిడేమన్నారు?"

"ఏమంటారు మేడం, వినయం గలవాళ్లకి తప్పులు వస్తాయిలే అని నవ్వేశారు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఇంకేం అడగలేదు."

"పర్లేదులే," అంది స్టెల్లా. ఇంకో మాట గొంతు దాకా వచ్చింది. నాకు వినపడింది సింధూరీ, కావాలనే చెప్పలేదు. ఆ మాట అక్కడే ఉండిపోయింది.

సింధూరి అప్పటికే మంచం మీదికి వంగింది. సిస్టర్ నుదుటి మీద చెయ్యి పెట్టి, నాడి చూసి, దిండు కొంచెం ఎత్తుగా సర్దింది. ఆ చేతులు ఏ పనైనా తడుముకోకుండా చేస్తాయి. సిస్టర్ కళ్లు తెరిచి చూసింది. ముఖం మీద ముడతలన్నీ ఒక్కసారి కదిలాయి.

"బేల," అంది.

"బేల, బేల," అంది సింధూరి నవ్వుతూ. "బేల తీ." నువ్వే అందగత్తెవి.

సిస్టర్ గొంతులో నుంచి చిన్న కూత లాంటిది వచ్చింది. నవ్వు అది. స్టెల్లా ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. ఆదెమ్మ ఇదే అదనని జావ గిన్నె అందించింది. సిస్టర్ నాలుగు స్పూన్లు తాగింది. సింధూరి ప్రతి స్పూనుకూ ఏదో ఒక మాట అంటోంది, సిస్టర్ అన్నదాన్నే తిప్పి అంటోంది. లింగం లేదు, వచనం లేదు, ఒత్తు లేదు. అన్నీ తప్పులే. ఇద్దరి మధ్యా ఆ తప్పులు పసిపిల్లల చేతుల్లో గవ్వల్లా దొర్లుతున్నాయి.

"నీకు ఆ మాటలు ఎట్లా తెలిశాయి?" అంది స్టెల్లా.

"తెలీదు మేడం. మా నానమ్మ కూడా చివర్లో అట్టాగే అయింది. అందరూ ఏంటి, ఏంటి అని అడిగేవాళ్లు. నేను ఊ కొట్టేదాన్ని. ఊ కొడితే చాలండి వాళ్లకి."

సిస్టర్ కళ్లు మూసుకుంది. సింధూరి ఫోను మోగింది. చల్లపల్లి నుంచి. "మా అమ్మండి, పొద్దుటి నుంచి చేస్తోంది, చెప్పొస్తా," అని, సంచిలో నుంచి కమలాపండ్లు తీసి పళ్లెంలో పెట్టి, "మెత్తటివి చూసి తెచ్చాను మేడం, లేచాక రసం చుక్క చుక్క పడదాం," అంటూ వరండా దాటి తోటలోకి వెళ్లింది. ఆదెమ్మ గిన్నె కడగడానికి వెళ్లింది.

గదిలో ఇద్దరే మిగిలారు.

స్టెల్లా కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుంది. ఊరికే కూర్చోలేక ఒక పండు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. తొక్క మెత్తగా లేచింది. వాసన గది నిండా పరుచుకుంది. తొనలు విడదీసి, ఒక్కోదాని మీద తెల్లటి నార గోటితో తీసేస్తూ, పైపొర చీల్చి గింజ బయటికి నొక్కుతోంది. ఇట్లాంటి పనిలో ఆమె మనసు నిమ్మళిస్తుంది. ఇంకో నెలకు ఆ పిల్ల వెళ్లిపోతుంది. వెళ్లిపోతే సిస్టర్ తనకే మిగులుతుంది. ఆ తలపు తియ్యగా ఉంది. కానీ ఆ పిల్ల వెళ్లేది ఎక్కడికి? సిస్టర్ పుట్టిన దేశానికి. అక్కడ రోడ్ల మీద, బజార్లలో, ఆస్పత్రి మంచాల మీద ముసలివాళ్లు ఇదే మాట మాట్లాడతారు. ఆ పిల్ల వాళ్లందరికీ ఊ కొడుతుంది. వాళ్లందరూ ఆమెను బేల అంటారు.

ఎడమచేతి మణికట్టు మీద చల్లగా ఏదో ఆనింది.

సిస్టర్ చెయ్యి అది. పక్షవాతం తగలని మంచి చెయ్యి. దుప్పటి కింది నుంచి ఎప్పుడొచ్చిందో తెలియదు. సిస్టర్ కళ్లు తెరిచి, స్టెల్లా వేళ్లను, వాటి మధ్య సగం ఒలిచిన తొనను చూస్తోంది. తర్వాత తల కొంచెం ఎత్తి ఆమె ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"తె సి స్త్రాక, స్తేల," అంది.

స్తాంక అనబోయి స్టెల్లా నాలుక పళ్ల వెనక్కి చేరింది. ఆ మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. సొ అనలేదు సిస్టర్. నేను అని అనలేదు. తె సి అంది. నువ్వు.

నువ్వు అలిసిపోయావు.

ఆ వెనక వచ్చిన మాట ఒక క్షణం ఆలస్యంగా అందింది. ఒత్తు లేకుండా, ఒక్క ల తో, తేలిగ్గా. ఆ పల్లెలో నక్షత్రాన్ని అట్లా అంటారు కాబోలు. ఆ పల్లెలో తను పుట్టి ఉంటే, ఏ పొద్దుగూకే వేళో గుమ్మంలో నుంచి కేకేసి ఇంట్లోకి రమ్మని ఉంటే, ఆ కేక అదే అయి ఉండేది.

స్టెల్లా నాలుకతో బుగ్గ తడుముకుంది. కలకండ ఎప్పుడో కరిగిపోయింది.

"సి," అంది. అవును. తర్వాత, ఇంతవరకు తన నోటితో ఎన్నడూ అనని మాట, మెల్లగా, అలవాటు లేని మెట్టు మీద కాలు పెట్టినట్టు అంది. "స్త్రాక."

సిస్టర్ తల దిండు మీదికి వాలింది. కళ్లు మూసుకుంది. చెయ్యి మాత్రం మణికట్టు మీద అట్లాగే ఉంచింది.

ఆ చెయ్యి కదలకుండా ఎడమచేతిని మంచం అంచున ఆనించి, స్టెల్లా కుడిచేతి వేళ్లతోనే తొనలు ఒలవసాగింది. పని నెమ్మదిగా సాగింది. బయట సింధూరి నవ్వు వినిపిస్తోంది. "అవునమ్మా, నిజంగానే. నాన్నకివ్వు." కాలువ అవతల బస్సు పోయింది. ఒక తొన, ఇంకో తొన. సిస్టర్ గుండెల మీద దుప్పటి లేచి దిగుతోంది. తర్వాత చాలాసేపటికి ఒకసారి లేచింది. స్టెల్లా ఇంకో తొన మీద నార తీసింది. దుప్పటి మళ్లీ లేవలేదు.

ఆమెకు తెలిసింది. ఆదెమ్మను పిలవలేదు. పిలిస్తే లేవాలి, లేస్తే ఆ చెయ్యి జారుతుంది. చేతిలో ఉన్న తొన పూర్తిగా ఒలిచి, గింజ తీసి, పళ్లెంలో మిగతావాటి పక్కన పెట్టింది. మిగిలిన ఒక్కటీ తీసుకుంది. అదీ ఒలిచింది. అప్పుడిక చెయ్యడానికి ఏమీ లేకపోయింది.

సింధూరి ఫోను చున్నీతో తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. గుమ్మంలోనే ఆగింది. నర్సు కదా, చెప్పక్కర్లేదు. గబగబా వచ్చి మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. మళ్లీ మెడ దగ్గర. తర్వాత మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. కళ్లనుంచి నీళ్లు కారిపోతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆ పిల్లకు.

"ఇప్పుడే కదా మేడం జావ తాగారు," అంది. "ఇప్పుడే కదా నవ్వారు."

స్టెల్లా తన మణికట్టు మీది చేతిని కుడిచేత్తో తీసి, సిస్టర్ గుండెల మీద పెట్టింది. వేళ్లకున్న కమలా రసం అంటుకోకుండా ముందు కొంగుకు తుడుచుకుంది. శిలువ గుర్తు వేసుకుంది.

"మేడం," అంది సింధూరి కాసేపటికి, కింద నుంచి తలెత్తి చూస్తూ. "చివర్లో ఏమన్నా అన్నారా?"

ఆ పిల్ల ముఖం ఏడ్చి ఎర్రబడి ఉంది. ఏ కల్మషమూ లేని ముఖం. స్టెల్లా ఆ ముఖాన్ని చూసింది. ఈ పిల్లకు చెబితే ఏం పోతుంది? తప్పు లేకుండా తిప్పి అనేస్తుంది. తనకంటే బాగా, ఆ పల్లెలో వాళ్లు అన్నట్టే అంటుంది. రేపటి నుంచి ఆ మాట ఆ పిల్ల నోట్లో కూడా ఉంటుంది. విమానమెక్కి వెళుతుంది. ఎవరికో చెబుతుంది.

"లేదు," అంది స్టెల్లా. "ఏమీ అనలేదు. నిద్రలోనే పోయారు."

సింధూరి తలూపి, మంచం కోడుకు నుదురు ఆనించుకుంది. స్టెల్లా లేచి ఆ పిల్ల భుజం మీద ఒకసారి చెయ్యి వేసింది. అది ఓదార్పో, మరేదో తనకే తెలియలేదు. వరండాలోకి వెళ్లి ఆదెమ్మను పిలిచింది.

తర్వాత గదిలోకి మనుషులొచ్చారు. మదర్‌గారొచ్చారు, చిన్న సిస్టర్లు జపమాలలతో వచ్చారు, ఎవరో కిటికీలు తెరిచారు, ఎవరో గోడన ఉన్న మంచాన్ని గది మధ్యకు లాగారు. ప్రార్థనాలయంలో గంట మోగింది. చీకటిపడే వేళకు సిస్టర్ అగ్నేసెను తెల్లటి దుప్పటి కప్పి, మంచంతో సహా ప్రార్థనాలయానికి తీసుకెళ్లారు. అందరూ వెనకే వెళ్లారు. స్టెల్లా అందరికంటే ముందు, మంచానికి ఆనుకుని, ఇంకొకరికి చోటివ్వకుండా నడిచింది.

ఖాళీ గదిలో, కుర్చీ పక్కన బల్ల మీద, నార తీసి గింజ తీసి వరసగా పేర్చిన కమలా తొనలు గాలికి మెల్లగా ఎండుతున్నాయి.